ముంతమడుగులో పెద్దబోటు

నీలమ్మపేట జలవిహార కేంద్రంలో సింహాద్రప్పడు బోటింగ్ మేనేజరు. ఊరి చివర ముంతమడుగు గట్టున ఒక రేకుల షెడ్డు, అందులో ఒక కుర్చీ, గోడకి వేలాడే లైఫ్ జాకెట్లు, బయట 'ఈత నిషేధం' అని ఒక బోర్డు, ఇవన్నీ అతని అధీనంలో ఉండేవి. లేనిదల్లా బోటే. పూర్వం ఒకటుండేది గాని, అతను చేరకముందే మునిగిపోయింది. బోటు మునిగినంత మాత్రాన పోస్టు మునగదు కాబట్టి జలవినోద శాఖ వారు అందులో సింహాద్రప్పణ్ణి వేశారు.

అతను రోజూ టైముకి వచ్చి తాళం తీసేవాడు. లైఫ్ జాకెట్లు ఎండలో వేసేవాడు. సాయంత్రం వాటిని దులిపి మళ్ళీ గోడకి తగిలించేవాడు. నెలాఖరున 'ఈ మాసమున ప్రమాదములు లేవు' అని పైకి రిపోర్టు పంపేవాడు. అలా పంపగా పంపగా, రాష్ట్రంలోకెల్లా సురక్షితమైన బోటింగ్ కేంద్రం ఇదేనని శాఖ వారు మెచ్చుకుని శాలువా కూడా కప్పారు.

ఆఫీసు సంగతి అలా సాఫీగా సాగిపోయేది. చిక్కల్లా ఇంట్లో పైడితల్లితోనే. పెళ్ళిచూపులనాడు మధ్యవర్తి, "కుర్రాడిది బోట్ల ఉద్యోగం, పిల్లని నీళ్ళమీద మహారాణిలా తిప్పుతాడు," అని చెప్పి సంబంధం కుదిర్చాడు. నీళ్ళమీద తిరగడమంటే పైడితల్లికి చిన్నప్పట్నుంచీ సరదా. ఆ ఒక్క మాటకే ఆమె బ్యాంకు గుమాస్తా సంబంధం వద్దని తలాడించింది. ఆ తలాడించిన సంగతి సింహాద్రప్పడు వారానికోసారైనా వింటూనే ఉండేవాడు.

"పుష్కరాలైనా పన్నెండేళ్ళకోసారి వొస్తాయి. మీ బోటు మాత్రం రాదేటండీ?" అనేది ఆమె, కూర వడ్డిస్తూ.

అతను తలొంచుకుని ముద్ద మింగేవాడు. భార్యని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బోటెక్కించి మడుగు చుట్టూ తిప్పాలి, అంతకుమించి ఈ ఉద్యోగం వల్ల తనకేమీ అక్కర్లేదు అని అతనికి గట్టిగా ఉండేది.

అలాంటి రోజుల్లో ఉన్నట్టుండి బోటు మంజూరైంది.

మంజూరైంది ఒక మోటారు బోటు. కంపెనీ వాళ్ళ దగ్గర రెండు రకాలున్నాయి. చిన్నబోటులో ఎనిమిది మంది పడతారు, పెద్దబోటులో ఇరవై నాలుగు మంది. రెంటిలో ఏది కావాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు, అందులో స్థానిక మేనేజరుగా సింహాద్రప్పడికీ చోటిచ్చారు.

అతనికి ఆలోచించాల్సిన పనే కనిపించలేదు. ముంతమడుగు పేరుకు తగ్గట్టే ముంత మూతిలా గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. ఈ గట్టున తుమ్మితే ఆ గట్టునుంచి చిరంజీవ అంటారు. అందులో పెద్దబోటు పెడితే తిప్పడానికి చోటుండదు.

"చిన్నదే తేల్చీస్తాను," అన్నాడు ఇంటికొచ్చి. "మొదటి రౌండు నీదే. డ్రైవింగు నేనే. లైసెన్సుంది కదా."

పైడితల్లి నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. "మీ ఆఫీసోళ్ళు కలగజేసుకోకపోతే వొస్తాది," అంది.

కలగజేసుకోవడానికే కదా వాళ్ళని వేసింది!

కమిటీకి అధ్యక్షులు శాఖ సంచాలకులు మార్తాండరావుగారు. ఆయనకి నీళ్ళతో పరిచయం గ్లాసు వరకే. అయినా నిలువెత్తు మనిషి, గంభీరమైన గొంతు, ఏ కుర్చీలో కూర్చున్నా అది సింహాసనంలా కనిపించేది. ఆయన పక్కన ఎప్పుడూ సూపరింటెండెంటు కామేశ్వరమ్మగారు ఉండేది. శాఖ నిబంధనలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. నిద్రలో కదిపినా ఏదో ఒక క్లాజు చెప్పగలదు.

సమావేశం జిల్లా ఆఫీసు హాల్లో పెట్టారు. నేలమీద సుద్దతో చిన్నబోటు బొమ్మ గీయించి, అందులో ఎనిమిది కుర్చీలు వేయించారు.

"నిబంధన మేరకు," అని మొదలుపెట్టింది కామేశ్వరమ్మగారు, "కొనుగోలు కమిటీ సభ్యులు యావన్మందీ ఏకకాలంలో బోటులో ఆసీనులై, ఏకాభిప్రాయానికి రావలెను."

ఆసీనులయ్యారు. కమిటీలో పదకొండు మంది. ఎనిమిది మందికి కుర్చీలు దొరికాయి, ముగ్గురు సుద్దగీత బయట నిలబడిపోయారు.

మార్తాండరావుగారు వాళ్ళవంక ఆందోళనగా చూశారు. "ఆ ముగ్గురూ ప్రస్తుతం ఎక్కడున్నట్టు?"

"నీళ్ళలో సార్," అంది కామేశ్వరమ్మగారు.

ఆ ముగ్గురిలో ఉన్న అకౌంట్సు ఆఫీసరు తనకి తెలియకుండానే ప్యాంటు అంచులు పైకి మడుచుకున్నాడు.

"మునిగినట్టా, తేలినట్టా?"

"అది తమరు నిర్ణయించాలి సార్. మినిట్స్‌లో ఏది రాస్తే అది."

సింహాద్రప్పడు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, రెండు ట్రిప్పులు వేస్తే సరిపోతాదండి. ముందు కొందరు, తరవాత కొందరు."

హాలంతా అతనికేసి తిరిగింది. మార్తాండరావుగారు జాలిగా నవ్వారు. "మేనేజరుగారూ! మొదటి ట్రిప్పు వాళ్ళకి ఒక అభిప్రాయం, రెండో ట్రిప్పు వాళ్ళకి ఇంకో అభిప్రాయం కలిగితే? ప్రభుత్వం ఒకటి, అభిప్రాయం ఒకటి. కాబట్టి ట్రిప్పు కూడా ఒకటే. కమిటీని మోయలేని బోటు ప్రజల్నేం మోస్తుంది? చిన్నబోటు తిరస్కరించడమైనది."

అటెండరు వచ్చి చిన్నబోటుని తడిగుడ్డతో తుడిచేశాడు. తన కళ్ళముందే బోటు అలా చెరిగిపోతుంటే సింహాద్రప్పడు ఆఖరి గీత పోయేదాకా చూశాడు.

సరే, పెద్దబోటైనా బోటే కదా, తిరిగినంత మేర తిప్పుదాం అని అతను సర్దుకున్నాడు. కాని పెద్దబోటు బొమ్మ గీయగానే కామేశ్వరమ్మగారు మళ్ళీ లేచింది.

"ఇరవై సీట్లు దాటిన బోటుకు విస్తృత కమిటీ అవసరం సార్. అగ్నిమాపకం, ఆరోగ్యం, విద్యుత్తు, మత్స్య, మహిళా సంక్షేమం, వీరందరి ఆమోదం ఉండాలి."

వాళ్ళందర్నీ పిలిచారు. ఏ ఆఫీసరూ ఒంటరిగా రాడు, వస్తే ఆ శాఖ పరువు పోతుంది. ప్రతివారూ ఒక సహాయకుణ్ణీ, ఒక అటెండర్నీ వెంటబెట్టుకొచ్చారు. తీరా చూస్తే కమిటీ పెద్దబోటులో పట్టలేదు. మళ్ళీ కొందరు సుద్దగీత బయట నీళ్ళపాలయ్యారు. అగ్నిమాపక, భద్రతాధికారి పీటర్‌బాబుగారు గట్టివాడు, నీళ్ళలో నిలబడే తన అభ్యంతరం చెప్పాడు.

"బోటుకి నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళేవి?"

"చుట్టూ నీళ్ళే కదండీ," అన్నాడు సింహాద్రప్పడు.

"అవి ఇరిగేషను వారి నీళ్ళు. వాటిని మేం ముట్టుకోకూడదు. బోటులో మా శాఖ నీళ్ళు విడిగా ఒక ట్యాంకులో ఉండాలి."

ట్యాంకు పెట్టాలంటే బోటు ఇంకా పెద్దది కావాలి. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళు ఎగిరి గంతేశారు. ముందూ వెనకా అలాగే ఉంచి మధ్యలో ముక్కలు ఎన్ని కావాలంటే అన్ని కలుపుతాం అన్నారు. ఒక ముక్క కలిపారు. బోటు పెరిగింది కాబట్టి కమిటీ పెరగాలి అంది కామేశ్వరమ్మగారు. కమిటీ పెరిగింది. కమిటీ పెరిగింది కాబట్టి బోటు చాలలేదు. ఇంకో ముక్క కలిపారు. బోటు వెనక కమిటీ, కమిటీ వెనక బోటు, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. సమావేశాలు హాల్లో పట్టక వరండాలోకి, వరండాలో పట్టక స్కూటర్ల స్టాండులోకి వెళ్ళాయి.

సింహాద్రప్పడు ఇంటికెళ్ళి ఏ రోజుకారోజు చెప్పేవాడు. "ఇవేళ పశుసంవర్ధక శాఖ వాళ్ళు చేరేరే."

"ఆళ్ళెందుకు?"

"మడుగులో గేదెలు దిగుతాయి కదా, వాటి తరఫున."

"గేదెలకైనా నీళ్ళలో దిగడం రాసిపెట్టి ఉంది," అంది పైడితల్లి, చెయ్యి కడుక్కోడానికి లేస్తూ.

ఆ తరవాత వచ్చిన చిక్కు డ్రైవరు సీటు. మామూలుగా బోటు నడిపేవాడు ముందు కూర్చుంటాడు. అంటే వాడి వీపు సంచాలకులుగారి వైపుంటుంది. ఇది తీవ్రమైన విషయమని అందరూ ఒప్పుకున్నారు. హోదా ప్రకారం మార్తాండరావుగారు అందరికన్నా ముందు, ఆయన వెనక సంయుక్త సంచాలకులు, ఆయన వెనక ఉపసంచాలకులు, అలా దిగుతూ దిగుతూ వచ్చి డ్రైవరు అందరికన్నా వెనక కూర్చోవాలని తీర్మానించారు.

"వెనకనుంచి నాకు దారి కనపడదండి," అన్నాడు సింహాద్రప్పడు.

"మీకు కనపడనక్కర్లేదు. మేం చూసి ఆదేశిస్తాం. ఆదేశం సక్రమమైన మార్గంలో మీకందుతుంది," అన్నారు మార్తాండరావుగారు. వెంటనే స్కూటర్ల స్టాండులో కుర్చీలు వరసగా వేయించి పరీక్ష పెట్టారు.

మార్తాండరావుగారు మొదటి కుర్చీలో కూర్చుని దూరంగా చూపు సారించారు. "ఎదురుగా బండరాయి ఉన్నది. బోటును ఎడమకు తిప్పవలసినదిగా ఆదేశిస్తున్నాను."

సంయుక్త సంచాలకులు వెనక్కి తిరిగి, "పై ఆదేశం మేరకు ఎడమ విషయం పరిశీలించగలరు," అన్నారు. ఉపసంచాలకులు తన వెనకాయనకి, "బండరాయి అంశం మీ దృష్టికి తేవడమైనది," అన్నారు. మధ్యలో ఒకాయన ఫోన్లో ఉండటం వల్ల ఆదేశం కాసేపు ఆయన దగ్గర పెండింగులో పడింది. ఆయన ఫోన్ పెట్టేశాక కదిలి, కుర్చీ కుర్చీ దాటుకుంటూ, చిట్టచివరికి సింహాద్రప్పడి దగ్గరకొచ్చింది.

"బండ విషయమై తగు చర్య తీసుకుని నివేదిక పంపగలరు," అన్నాడు అతని ముందు కుర్చీలోని గుమాస్తా.

"ఆ బండ వచ్చి చాలాసేపైందండి," అన్నాడు సింహాద్రప్పడు. "ఈ పాటికి గుద్దేసుంటాం."

ఈ మాట మళ్ళీ సక్రమమైన మార్గంలో పైకెళ్ళింది. మార్తాండరావుగారు నిబ్బరంగా తలూపారు. "గుద్దినట్టు నాకు లిఖితపూర్వకంగా అందలేదు. అందేవరకు గుద్దనట్టే." అందరూ చప్పట్లు కొట్టారు. పరీక్ష విజయవంతమైంది.

ఆ రాత్రి సింహాద్రప్పడికి కునుకు పట్టలేదు. పొద్దున్నే లేచి, ఒక కొబ్బరితాడు తీసుకెళ్ళి మడుగుని ఈ గట్టునుంచి ఆ గట్టుకి కొలిచాడు. తరవాత జిల్లా ఆఫీసుకెళ్ళి బోటు కొలత చూశాడు. చూసి, మార్తాండరావుగారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, బోటు మడుగంత అయిపోయిందండి."

"అడ్డంగా చూశారేమో. పొడుగ్గా పెట్టండి."

"మడుగు గుండ్రంగా ఉందండి. ఎటు పెట్టినా అంతేనండి. తిరగడానికి చోటుండదు."

"తిరగడం దేనికి? మన శాఖకి వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు."

"ముందుకెళ్ళడానికి కూడా చోటుండదండి."

మార్తాండరావుగారి చూపు మెల్లగా కామేశ్వరమ్మగారి వైపు తిరిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని నిబంధనలన్నీ ఒకసారి మననం చేసుకుంది.

"బోటు తేలవలెనని ఉంది సార్," అంది కళ్ళు తెరిచి. "కదలవలెనని ఎక్కడా లేదు."

"చూశారా మేనేజరుగారూ! మీరు అనవసరంగా కంగారు పడతారు."

పెద్దబోటు లారీల మీద ముక్కలు ముక్కలుగా వచ్చింది. మడుగులోనే అతికారు. ముక్కు తూర్పుగట్టు మీద, తోక పడమటిగట్టు మీద ఆనుకున్నాయి. మధ్యభాగం మాత్రం నీళ్ళలో ఉంది. రంగురంగుల జెండాలు కట్టేసరికి చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది.

దాని పక్కన ఇనుప గొలుసులకి ఇంకోటి వేలాడుతోంది. సింహాద్రప్పడు దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు. నీలం రంగు, చిన్న మోటారు, ఎనిమిది సీట్లు. అచ్చంగా తను అడిగిన చిన్నబోటు!

"అది రక్షణ పడవ," అన్నాడు పీటర్‌బాబుగారు. "ఇంత పెద్ద బోటుకి అది తప్పనిసరి. ప్రమాదం జరిగితే తప్ప దాన్ని ముట్టుకోకూడదు."

ప్రారంభోత్సవం నాడు కమిటీ మొత్తం వచ్చింది. హోదా ప్రకారం ఎక్కడానికే చాలాసేపు పట్టింది. అంతమంది బరువుకి బోటు నడుం కిందికి దిగి, మడుగులో నీళ్ళు పొంగి షెడ్డులోకి వచ్చాయి. పైడితల్లి పట్టుచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఆమెకి అందరికన్నా వెనక, డ్రైవరు సీటు పక్కన చోటు దొరికింది.

"ఎప్పుడు కదులుతాదండీ?" అని అడిగింది, కళ్ళు మెరిపిస్తూ.

సింహాద్రప్పడు ఇంజను స్టార్టు చేశాడు. ఇంజను బ్రహ్మాండంగా అరిచింది. వెనక గట్టుమీద బురద లేచి కొందరు ప్రజల మీద పడింది. బోటు మాత్రం ఉన్నచోటే ఉంది.

మార్తాండరావుగారు మైకు అందుకున్నారు. "గమనించారా! ఏమాత్రం కుదుపు లేదు! ఇంత స్థిరమైన జలప్రయాణం నా సర్వీసులో నేనెరగను!"

"కుదుపెక్కడ్నుంచి వొస్తాది, రెండు గట్ల మీదా కూకోబెడితేను," అంది పైడితల్లి, మొగుడికి మాత్రమే వినపడేట్టు. కాసేపు జెండాలవంక చూసింది. తరవాత కొంగు సర్దుకుని మెల్లగా అంది, "పోన్లెండి. మీరు మాత్రం ఏటి చేస్తారు. ఇంక నేను అడగను లెండి."

దెప్పితే పడేవాడు, తిట్టినా పడేవాడు. అడగనంది. ఆ మాటకి సింహాద్రప్పడికి నిజంగానే ఏడుపొచ్చింది. ఇంజను చప్పుడులో ఎవరికీ తెలియలేదు గాని, కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు పీటర్‌బాబుగారి వంతు వచ్చింది. భద్రతా సూచనలు చదవడం ఆయన ధర్మం. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఇంజను నడుచుచుండగా బోటు పది నిమిషాలపాటు కదలనిచో, అది ప్రమాదంలో చిక్కుకున్నట్లు పరిగణించి, రక్షణ పడవ ద్వారా అందరినీ సురక్షిత తీరానికి చేర్చవలెను." ఆయన చదివాడు, అందరూ గంభీరంగా తలలూపారు. విన్నవాడు మాత్రం సింహాద్రప్పడొక్కడే. వాచీ చూసుకున్నాడు. పది నిమిషాలు దాటి కూడా కాస్సేపైంది.

లేచి నిలబడి, ఒంట్లో ఉన్న సత్తువంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. "అయ్యా! ప్రమాదం! మనం ప్రమాదంలో ఉన్నామండి!"

ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. తోక దగ్గరున్న అటెండరు ఒకడు, పడమటిగట్టు కాలికి తగులుతుండటం చూసి, దిగిపోదామని కాలెత్తాడు.

"ఆగు!" అంది కామేశ్వరమ్మగారు. "ప్రమాదంలో ఉన్న బోటు నుంచి రక్షణ పడవ ద్వారా తప్ప దిగరాదు. గట్టుమీదికి దిగితే విధి విడిచి పారిపోవడం కింద లెక్క. సస్పెన్షనే."

అటెండరు ఎత్తిన కాలు మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఆ చివరా ఈ చివరా అందరూ గట్టువంక ఆశగా చూసి తలలు తిప్పుకున్నారు.

"ముందెవరు దిగాలి?" అన్నారు ఉపసంచాలకులుగారు.

మార్తాండరావుగారు లేచారు. ఛాతీ విరిచారు. "నాయకుడు అందరికన్నా ఆఖరున దిగుతాడు! కింది హోదా వారు ముందు!" చప్పట్లు మారుమోగాయి. కొందరు ఆఫీసర్ల కళ్ళు చెమర్చాయి, వాళ్ళ వంతు కూడా దాదాపు ఆఖరునే వస్తుంది మరి.

కామేశ్వరమ్మగారు చివరి వరసలోకి చూపు సారించింది. "ఆమె హోదా ఏమిటి?"

"ఏ హోదా లేదండి," అన్నాడు సింహాద్రప్పడు. "నా భార్యండి."

"అయితే మొదట ఆమె. హోదా ఉన్నవారు లేనివారితో కలిసి దిగరాదు కాబట్టి ఒంటరిగా తీసుకెళ్ళండి. పడవ మీరే నడపండి."

గొలుసులు విప్పారు. నీలంబోటు నీళ్ళమీదికి దిగి, సరదాగా ఊగింది. సింహాద్రప్పడు చెయ్యందించాడు. పైడితల్లి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగి కూర్చుంది. మోటారు బుడబుడమంది. బోటు కదిలింది! నిజంగానే కదిలింది!

"ఏ గట్టుకి చేర్చమంటారండీ?" అని అరిచాడు సింహాద్రప్పడు పద్ధతిగా.

మార్తాండరావుగారు కామేశ్వరమ్మగారి వైపు చూశారు. "సురక్షిత తీరం ఏదో కమిటీ ఏకాభిప్రాయంతో ధ్రువీకరించాలి సార్," అందావిడ. "అంతవరకు పడవ నీళ్ళలోనే ఉండాలి."

తూర్పుగట్టు రెవెన్యూ వారిదని ఒకరు లేచారు. పడమటిగట్టున పాములున్నాయని అటవీశాఖ ఆయన లేచాడు. పాములుండటం తమకు సమ్మతమేనని ఇంకెవరో అన్నారు. పెద్దబోటంతా వాదనలతో దద్దరిల్లింది.

మడుగులో ఆ పక్కనున్న సగంలో సింహాద్రప్పడు ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు కాస్త వేగంగా తిప్పాడు. పైడితల్లి చెయ్యి నీళ్ళలో పెట్టి, లేచిన తుంపర మొగుడి మొహాన కొట్టి, చిన్నపిల్లలా పకపకా నవ్వింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆ నవ్వు అతను వినలేదు. విని, స్టీరింగు వదిలేసినంత పని చేశాడు.

మూడో చుట్టులో పెద్దబోటు పక్కకొచ్చేసరికి మనసాగక అడిగాడు. "గట్టు తేలిందా అండీ?"

కామేశ్వరమ్మగారు రెయిలింగు మీదికి వంగింది. "ఇంకా లేదు. ఇప్పుడే ఉపసంఘం వేశాం. తొందరపెట్టకండి!"

"మనకేటి తొందరండీ," అంది పైడితల్లి, కాళ్ళు చాపుకుని కూర్చుంటూ. "నిదానంగా తేల్చుకోమనండి."